చింతపిక్కంత బుడిపె

పొయ్యి మీద చింతపండూ రాళ్లుప్పూ కలిసి గుజ్జుగా ఉడుకుతుంటే వాసన హాలు దాకా పోయినట్టుంది, మా అమ్మాయి అక్కడి నుంచే "ఏమ్మా, చారు పెడతాండావా?" అని కేకేసింది. చారు కాదు తల్లీ, కాలికి పట్టు. నెల కిందట స్కూటరు స్టాండు తగిలి మోకాలి కింద ముంగాలు కమిలింది. నలుపూ పసుపూ పోయి చర్మం మామూలైంది గానీ, లోపల చింతపిక్కంత బుడిపె మిగిలిపోయింది. నొక్కితే ప్రాణం జివ్వుమంటుంది.

ఈ వాసన తగిలితే చాలు, నందికొట్కూరు పక్కన మా ఊళ్లో, నాపరాళ్లు పరిచిన అరుగు మీద కాలు చాపి కూర్చున్నట్టే ఉంటుంది నాకు. జొన్న కోసేసిన నల్లరేగడి చేలల్లో, నెర్రెల్లో కాళ్లు ఇరుక్కుంటున్నా లెక్కచెయ్యకుండా, మగపిల్లలతో సమంగా చిల్లాకట్టె, అదే బిళ్లంగోడు, ఆడేదాన్ని. చిల్లా ఎగిరొచ్చి ఎక్కడ తగిలితే అక్కడ బుడిపె. మా వీధి పిల్లకాయలందరికీ వైద్యం మా జేజిదే, అంటే మా నాయన తల్లిది. చింతపండు పట్టు గోరువెచ్చగా మెత్తి, పాతచీర పేలిక చుట్టి, "రుద్దొద్దు, రుద్దితే గట్టిపడతాది" అంటూ నెత్తిన మొట్టికాయ వేసి పంపేది. ఆ మొట్టికాయకు ఇంకో బుడిపె లేస్తుందేమోనని మేం నవ్వుకునేవాళ్లం.

పట్టు కంటే ఆమె పరీక్షే ఘోరం. బొటనవేలితో బుడిపె నొక్కి, నొప్పుండాదా అని అడిగేది.

ఒక ఏడు అహోబిలం తిరునాళకు వీధంతా కలిసి ట్రాక్టరు మాట్లాడుకున్నారు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు అడవిలో నడక, కాలు బాగాలేనోళ్లను ఎత్తుకునే దిక్కు లేదు, ఇంట్లో ఉండాల్సిందేనని జేజి ముందే తెగేసి చెప్పింది. నాకేమో అంగళ్లలో రంగురంగుల గాజులు, పాకం కారే బెల్లం మిఠాయి, చేతిలోది లాక్కుపోయే కోతులు, అన్నీ కలలోకొస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ముంగాలికి చిల్లా తగిలింది. పోయే రోజు పొద్దున సద్దరొట్టెలు మూటగట్టి, జేజి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నొక్కింది.

"నొప్పుండాదా?"

"లేదు జేజీ," అన్నాను, పళ్లు బిగబట్టి నవ్వుతూ.

ఆమె నా ముఖం చూడనే లేదు. "నోరు అబద్ధమాడతాది గానీ కాలేళ్లు ఆడవే," అంది. చూసుకుంటే నా కాలివేళ్లు గొంగళిపురుగుల్లా ముడుచుకుని ఉన్నాయి.

మట్టిలో పడి దొర్లి దొర్లి ఏడ్చాను. ట్రాక్టరు కదలబోతోంది. స్వామికి మొక్కుకుని, ఏడాదంతా ఈ రోజు కోసమే చూసి, అందరికంటే ముందెక్కి కూర్చున్న జేజి కిందికి దిగింది. కొబ్బరికాయ మా అమ్మ చేతిలో పెట్టి, "నాకు మోకాళ్లు శానా నొస్తాండాయప్పా, మీరు పోయిరాండి," అంది. నేను ఏడుపు ఆపి ఆమె పాదాల వంక చూశాను. ఒక్క వేలూ ముడుచుకోలేదు. ఆ రోజు ఇద్దరం అరుగు మీదే కూర్చుని రొట్టెల్లో శనక్కాయల ఊరిబిండి నంజుకుని తిన్నాం. మరుసటేడుకు జేజికి మోకాళ్లు నిజంగానే పట్టేశాయి. ఆమె మళ్లీ అహోబిలం చూడలేదు.

ఇప్పుడు ఎగువ అహోబిలం దాకా కార్లే పోతాయి. మా ఊళ్లో చిల్లాకట్టె ఆడే పిల్లలూ లేరు, ఆ అరుగూ లేదు. రేపు మా అమ్మాయి వాళ్లు అహోబిలం పోతున్నారు. నన్నూ రమ్మన్నారు గానీ, ముందు కాలు చూపించుకోవాలి, నొప్పుంటే ఇంట్లోనే ఉండాలి అని షరతు పెట్టారు. అందుకే పట్టు కడిగేసుకుని సాయంత్రం ఆసుపత్రికి పోయాం. డాక్టరు మంచివాడే. నెత్తురు గడ్డకట్టిందమ్మా, నిదానంగా కరుగుతుంది, భయం లేదన్నాడు. తర్వాత బొటనవేలితో గట్టిగా నొక్కి అడిగాడు.

"నొప్పి ఉందా?"

"లేదు నాయనా," అన్నాను నవ్వుతూ.

నా ముఖం చూసి ఆయన నమ్మాడు. పక్కనే ఉన్న మా అమ్మాయీ నమ్మింది. "అయితే రేపు పోదాంలేమ్మా," అంది. సంతోషపడాల్సింది పోయి, జేజి మీద బెంగతో నాకు ఏడుపొచ్చింది. కిందికి చూస్తే, చెప్పుల్లో నా కాలివేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.