వెనక డోరు మీది సొట్ట

నిన్న మధురవాడలో ఆఫీసు నుంచి బండి మీద వస్తుంటే ఒక ఫంక్షన్ హాలు ముందు మా పాత పికప్ ఆగి ఉంది. నంబరు చదవక ముందే పోల్చుకున్నాను. వెనక డోరుకి ఎడమ పక్క, కింది అంచుకి జానెడు పైన, కంచం పట్టేంత సొట్ట. నేను మెటలర్జీ చదివినవాణ్ణి. ఏ రేకు ఎంత దెబ్బకి ఎలా వంగుతుందో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ ఒక్క సొట్ట మా ఇంటిని ఎంత వంచిందో ఏ సూత్రంతోనూ తేలదు.

మా నాన్నది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరై, పెందుర్తిలో ఇల్లు కట్టుకుని, ఊరికే కూర్చోలేక ఆ పికప్ కొన్నాడు. నడిపింది మా బావ. అక్క ఇష్టపడి చేసుకున్న మనిషి, శ్రీకాకుళం వైపు రైతుల బిడ్డ. బావ 'నేను' అనాల్సిన చోట 'నాను' అన్నప్పుడల్లా నాన్న ముఖం చేదు మాత్ర మింగినట్టు అయ్యేది. బావకీ అది తెలుసు. అందుకే నాన్న ముందు ఇంకో రెండుసార్లు ఎక్కువ అనేవాడు. నాలుగేళ్లు బండి బాగానే నడిచింది. మనుషులే కొంచెం ఇంజిన్ వేడెక్కి నడిచారు.

ఒక ఎండాకాలం బావ నాన్నకి చెప్పకుండా బండిని స్నేహితుడికి ఇచ్చాడు. అతను పనసకాయల లోడుతో గాజువాక మార్కెట్లో వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టాడు. బావ ఆ సంగతి చెప్పలేదు. సొట్ట మీద పెద్ద దిష్టిబొమ్మ స్టిక్కరు అంటించాడు. వారం తర్వాత నాన్న దాన్ని గోటితో అంచు నుంచి ఓపిగ్గా ఊడబీకాడు. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. బావ నవ్వి, "బండన్నాక సొట్ట పడదేటి మావా?" అన్నాడు. నాన్న ఆ రోజే తాళాలు తీసుకున్నాడు. బావ పోర్టులో ఇంకెవరి లారీకో డ్రైవరుగా వెళ్లాడు. అక్క మా గుమ్మం ఎక్కడం మానేసింది. పోతూ పోతూ బావ వీధి చివర టీకొట్టు దగ్గర, ఆ బండి ఎక్కడికీ పోదు, తిరిగి నా చేతికే వస్తుంది అన్నాడట. టీకొట్టు నుంచి మా ఇంటికి మాట రావడానికి ఎంతసేపు?

నాన్న బండిని దానం ఇచ్చేయాలని నిశ్చయించింది ఆ మాట విన్న రోజే. ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం తెచ్చి ముసలివాళ్లకి పెట్టే ఒక ఆశ్రమం మా ఇంటికి రెండు కిలోమీటర్ల అవతల ఉంది. దాని కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. యాజమాన్య బదిలీ ఫారాలు, బీమా, పొల్యూషన్ కాగితం అన్నీ నేనే సిద్ధం చేశాను. వాటితోపాటు నాన్న ఇంకో కాగితం రాయించాడు: బావ బండికి చేసిన నష్టాల జాబితా. పదిహేడు అంశాలు. క్లచ్ ప్లేటు, హ్యాండ్ బ్రేకు, లోడు బరువు మోసే కమాన్ పట్టీ, పగిలిన అద్దం, చిరిగిన సీటు. వాటిలో ఐదు ఏ డ్రైవరు చేతిలోనైనా అరిగిపోయేవేనని నాకు తెలుసు. తెలిసే రాశాను. అప్పట్లో నాకూ బావ మీద కసి ఉండేది. పదిహేడోది సొట్ట.

దానం రోజు నాన్న వీధి వీధంతటినీ పిలిచాడు. పుణ్యానికి అంతమంది సాక్షులు అక్కర్లేదు, పగకి కావాలి. కార్యదర్శి చెయ్యి చాపగానే నాన్న ఒక షరతు పెట్టాడు: "మా అల్లుడు మాత్రం ఈ బండి స్టీరింగు ముట్టుకోకూడదండీ."

"షరతు ఉంటే దాన్ని అద్దె అంటారండి," అన్నాడాయన. "దానం అయితే నీళ్లు వదలండి."

వీధి అంతా చూస్తోంది. నాన్న చెంబు వంచి, 'న మమ' అని, ఆయన చేతిలో నీళ్లు వదిలాడు. అంటే ఇక నాది కాదని. జాబితా చదివి వినిపించబోతే కార్యదర్శి అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరుకి పనికొస్తుందన్నాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి మా గేటు ముందు హారన్ రెండుసార్లు మోగింది. స్టీరింగు వెనక బావ. నాన్న వెంటనే కార్యదర్శికి ఫోన్ చేశాడు. పోర్టులో వచ్చేదానికి సగం జీతానికే అడిగి మరీ చేరాడని, గిన్నెల్లో మెతుకు ముట్టడని ఆయన చెప్పి, చివర్లో ఒక్కటే అడిగాడు: "బండి ఎవరిదండీ?" నాన్న ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి రోజూ పదకొండింటికి రెండు హారన్లు. నాన్న పేపరు మడిచి లోపలికి వెళ్తాడు.

నిన్న నేను సొట్ట ముందు నిలబడి ఉండగా బావ అన్నం గిన్నె ఎత్తుకుని వచ్చాడు.

"ఏటి బామ్మర్దీ, పద్దెనిమిదోది రాసుకుంటన్నావేటి?"

క్యాబిన్ లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. నా దస్తూరీయే. పదహారు అంశాల మీద నీలం సిరాతో అడ్డగీతలు. సీటు కొత్తది, అద్దం కొత్తది. చేయించినవి కొన్ని, తనే పడుకుని బిగించినవి కొన్ని.

"కమాన్ పట్టీ నాను ఇరగ్గొట్టేనా? సదుకున్నోడివి, నువ్వే సెప్పు."

నోట్లో ఉన్న మాటని నాన్న వైపు వేయాలో బావ వైపు వేయాలో తేలలేదు. మిగిలిన ఆ ఒక్కటీ ఎందుకు బాగు చేయలేదని అడిగాను.

"అది సెయ్యను. మావకి సూపు తగ్గతంది కదా. సొట్ట లేకపోతే ఎవుడి బండో అనుకుంటాడు."

డోరు వేసి, అక్కడ అవసరం లేకపోయినా హారన్ రెండుసార్లు కొట్టి వెళ్లాడు. వెళ్తుంటే చూశాను: సొట్ట మధ్యలో రంగు లేచి, తుప్పు రూపాయి బిళ్లంత అయింది. కాలమే అన్నీ మాన్పుతుందని మా ఇంట్లో పెద్దవాళ్లు అక్కకి ఫోన్లో చెబుతుంటారు. నేను ఇనుము గురించి చదువుకున్నాను. ఈ సముద్రపు ఉప్పుగాలిలో కాలం ఇనుముని దెబ్బ తగిలిన చోటే మొదలుపెట్టి తింటుంది.