ఒక పక్కే కొట్టిన కోడె

2022 వేసవి మొదట్లో నాకు ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఒక పల్లె పశువుల ఆస్పత్రికి బదిలీ అయింది. ఆస్పత్రి అంటే రెండు గదులు, బయట ఒక ట్రేవిస్. పశువు కదలకుండా నిలబెట్టడానికి ఇనుప పైపులతో కట్టిన చట్రాన్ని ట్రేవిస్ అంటాం. నేను నంద్యాలలో టీచర్ల ఇంట్లో పుట్టి, ప్యాకెట్ పాలు తాగి పెరిగినదాన్ని. పశువుల గురించి నాకు తెలిసిందంతా కాలేజీలో నేర్చుకున్నదే. అది చాలునని అప్పట్లో గట్టి నమ్మకం. ఎవరైనా ఎదురు చెబితే కోపం కూడా వచ్చేది.

చేరిన నెలకే మద్దిలేటి అనే రైతు తన ఇంటికి రమ్మన్నాడు. ఆయనకు పదకొండు ఒంగోలు ఆవులు. మందలో ఉన్న ఒకే ఒక ఆబోతు అంతకుముందు చలికాలంలో చచ్చిపోయింది. దానికి పుట్టిన కోడెలు రెండు మిగిలాయి. తల్లులు వేరు, వయసు ఇంచుమించు ఒకటే, ఏడాదిన్నర. రెండింటికీ ఇంకా పాలపళ్లే. ఒకదాన్ని ఆబోతుగా ఉంచుకుని, రెండోదానికి కొట్టించి, అంటే వృషణాలు పనిచేయకుండా చేయించి, సేద్యానికి పెట్టుకోవాలి. ఏది ఉండాలో నేను తేల్చాలి. పని చేయని ఆబోతులను రెండింటిని మేపే శక్తి ఆయనకు లేదు. ఎంపిక తప్పితే రాబోయే పదేళ్లు ఆ ఇంట్లో పుట్టే ప్రతి దూడలోనూ ఆ తప్పు కనిపిస్తుంది.

ఆవులకు ఆస్పత్రిలోనే ఎదసూది వేయించవచ్చు కదా అన్నాను. ఎంచిన ఆబోతు వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ ఉంచి, ఎదకొచ్చిన ఆవుకు వేసే పద్ధతి అది. మద్దిలేటి నవ్వాడు.

"సూదికి పుట్టిన దూడకు నాయన మొగం యాడ కనపడుతుంది మేడం? నాయన నా కండ్ల ముందర తిరగల్ల."

పెరట్లో రెండు కోడెలను కట్టేశారు. పెద్దదాని పేరు రాయుడు. తెల్లగా, నిగనిగలాడుతూ, మూపురం ఎగదన్ని, చూడగానే బండలాగుడు పందేల పోస్టరు గుర్తొచ్చేలా ఉంది. చిన్నదాని పేరు బుడ్డోడు. వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. నేను టేపు తీసి హార్ట్ గర్త్ కొలిచాను. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అది, దాన్నిబట్టి బరువు అంచనా వేస్తాం. రాయుడిది నూట నలభై ఆరు సెంటీమీటర్లు, బుడ్డోడిది నూట ముప్పై. ఇక తేల్చడానికేముంది?

తర్వాత స్క్రోటల్ సర్కమ్ఫరెన్స్, అంటే వృషణాల చుట్టుకొలత తీశాను. మగ పశువు పొలికి, అంటే ఆవులను చూలు కట్టించడానికి, ఎంతవరకు పనికొస్తుందో చెప్పే కొలత ఇది. రాయుడిది ఇరవై నాలుగు. బుడ్డోడిది ఇరవై మూడున్నర. అంత బక్క ఒంటికి అంత కొలత రాకూడదు. టేపు సరిగ్గా పట్టలేదేమోనని మళ్లీ కొలిచాను. మళ్లీ ఇరవై మూడున్నరే. తల గోక్కున్నాను గానీ పుస్తకంలో రాసేసి ఊరుకున్నాను.

మద్దిలేటి భార్య సుబ్బమ్మ అంతసేపూ పశువుల గాటికి ఆనుకుని చూస్తోంది.

"మేడం, ఈడిని తీసేయొద్దండి. ఈడి తల్లి గౌరి..." అని ఏదో చెప్పబోయింది.

"మా ఇంట్లో ఆమెకు ఈడంటే ముద్దు మేడం," అన్నాడు మద్దిలేటి.

"ముద్దు వేరమ్మా, బ్రీడింగ్ వేరు," అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా తెలివైనదాన్నన్న భావన కలిగిందని ఒప్పుకోవాలి. సుబ్బమ్మ కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను ఒక కాగితం మీద పథకం కూడా గీసిచ్చాను. రాయుడు ఆబోతు. వాడి తల్లికి, వాడి తండ్రికే పుట్టిన పెయ్యలకు మాత్రం ఎదసూది, ఎందుకంటే దగ్గర రక్తం కలిస్తే దూడలు బలహీనపడతాయి. బుడ్డోడికి వచ్చే సోమవారం కొట్టడం.

సోమవారం పొద్దున్నే బర్డిజో పట్టుకుని వెళ్లాను. పెద్ద పట్టకారులాంటి పనిముట్టు అది. చర్మం తెగకుండా లోపలి నరాన్ని నలిపేస్తుంది. ఒక్కో పక్క విడివిడిగా నలపాలి. నలిపాక ఆ పక్క వృషణం నెలా రెండు నెలల్లో ఎండిపోతుంది. మళ్లీ బాగుచేసే మార్గం లేదు.

మద్దిలేటి, ఆయన తమ్ముడు తాళ్లు వేసి బుడ్డోడిని పడుకోబెట్టారు. మత్తు సూది వేసి, ఆగి, కుడి పక్క నొక్కాను. నరం తెగిన చిన్న చప్పుడు చేతికి తెలిసింది. బర్డిజోను ఎడమ పక్కకు మార్చుకుంటున్నాను. ఇంతలో గాట్లో కట్టేసిన గౌరి గట్టిగా అరిచింది. సుబ్బమ్మ దాని మెడ నిమురుతూ అంది:

"ఊరుకోవే తల్లీ. నీ పాలన్నీ ఆ రాయుడికి తాపి నీ బిడ్డను ఎండబెడితిమి. ఇప్పుడు ఇదీ చేస్తిమి. ఏం చేస్తావు, ఊరుకో."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావమ్మా?"

"ఏమంటినీ? ఉన్నదే అంటి. రాయుడు పుట్టిన దినమే నుదుట సుడి సూసి పందేనికి పెట్టుకున్యాము కదా. వాడి తల్లికి పాలు యాడుండాయి, సగం చెంబు గూడా రావు. గౌరి పాలు తాపి పెంచితిమి. ఈడికి అడుగున మిగిలిన రెండు చుక్కలు."

పందెపు కోడెకు రెండావుల పాలు తాపడం మా సీమలో కొత్త సంగతి కాదు. నంద్యాలలో టీ అంగడి దగ్గర నిలబడినా ఆ మాట వినిపిస్తుంది. నాకూ తెలుసు. తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బర్డిజో చేతిలోనే ఉంది. రాయుడి ఛాతీ కొలిచానా, గౌరి పొదుగు కొలిచానా? పాలిచ్చే గుణం ఉన్న తల్లి బుడ్డోడి తల్లి. కడుపు మాడినా వృషణాలు ఇరవై మూడున్నరకు పెరిగినవాడు బుడ్డోడు. మరి రాయుడి ఒంట్లో వాడి సొంతం ఎంత? ఏమీ లేకపోవచ్చు, చాలా ఉండనూవచ్చు.

"ఏంది మేడం, ఆగితిరే?" అన్నాడు మద్దిలేటి, తాడు పట్టుకునే.

"విప్పండి."

"ఒక పక్క కొట్టి ఇంకో పక్క ఇడుస్తాండారు. ఇదేం కథ మేడం? ఇప్పుడు ఈడు ఎద్దా, ఆబోతా?"

"నాకూ తెలీదు," అన్నాను. ఉద్యోగంలో చేరాక ఒక రైతు ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

మద్దిలేటికి కోపం రావడం న్యాయమే. ఆరు నెలలు రెండింటికీ సమానంగా మేత పెట్టమన్నాను, అప్పటిదాకా ఏదీ తేల్చనన్నాను. "ఆరు నెలలు ఆవులు ఒట్టిగా పోతే వచ్చే ఏడు నా ఇంట్లో పాలెవరు పిండుతారు?" అని అరిచాడు. చివరికి సగం ఆవులకు ఎదసూది వేయించుకోవడానికి ఒప్పుకున్నాడు, నా మొహం చూసి కాదు, వేరే దారి లేక. మేత సమానంగా పెట్టే బాధ్యత సుబ్బమ్మ తీసుకుంది. ఊళ్లో మాత్రం బుడ్డోడికి అర ఆబోతు అని, నాకు అర డాక్టరమ్మ అని పేర్లు పెట్టారు. మందుల కోసం వచ్చినవాళ్లు "మేడం, సూది సగమే వేస్తారా, పూర్తిగానా?" అని నవ్వేవాళ్లు. పైకి నవ్వేదాన్ని, ఇంటికెళ్లాక మాత్రం ఏడుపొచ్చేది.

ఆరు నెలలు గడిచాక మళ్లీ టేపు తీశాను. ఈసారి సుబ్బమ్మే రెండో కొస పట్టుకుంది. రాయుడు ఎనిమిది సెంటీమీటర్లు పెరిగాడు. బుడ్డోడు పంతొమ్మిది. అందరూ నా వైపు చూశారు. నాకు మాత్రం ఇంకో సందేహం. కడుపు మాడ్చుకున్న పశువుకు మేత దొరికితే మొదట్లో ఒక్కసారిగా పెరుగుతుంది. కాంపెన్సేటరీ గ్రోత్ అంటాం దాన్ని, వెనకబడ్డ పెరుగుదల పూడ్చుకోవడం. ఇది వాడి జాతి గుణమా, ఆకలి తీరిన సంబరమా? ఆ మాట చెబితే మద్దిలేటి నెత్తి కొట్టుకున్నాడు.

"మేడం, మీకు తెలిసేకొద్దీ తెలీకుండా పోతాండాది."

అది నిజం.

ఒక పక్కతోనే బుడ్డోడు పొలికి పనికొస్తాడో లేదో అదైనా తేల్చాలి కదా. ఆస్పత్రి మైక్రోస్కోపును బండి మీద ఒళ్లో పెట్టుకుని వాళ్లింటికే తీసుకెళ్లాను. వాడి వీర్యం చుక్క గాజుపలక మీద వేసి చూశాను. జాతరలో జనంలా కదులుతున్నాయి కణాలు. మద్దిలేటి కూడా ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఒక పక్కకే ఇంత సందడి చేస్తాండాయే! ఏంరా బుడ్డోడా!" అని దాని వీపు చరిచాడు.

సూది వేయనివి, వేసినా చూలు కట్టనివి కలిపి ఆవులు ఏడున్నాయి. నాలుగు రాయుడికి, మూడు బుడ్డోడికి పంచాం. పుట్టిన దూడలన్నీ తమ తల్లి పాలే తాగాలని సుబ్బమ్మ గట్టిగా చెప్పేసింది. ఏ దూడ నుదుటి సుడీ ఎవరూ చూడకూడదంది.

ఏడాది వయసు వచ్చాక ఆ దూడలను కొలిచాను. బుడ్డోడి మూడు దూడలు రాయుడి దూడలకంటే కొంచెం ముందే ఉన్నాయి. మూడు దూడలతో ఏదీ రుజువు కాదు, ఆ మాట చెప్పాను కూడా. మద్దిలేటి మాత్రం తేల్చేసుకున్నాడు. రాయుడిని పందేల జోడీ కోసం వచ్చిన కోవెలకుంట్ల రైతుకు ఇచ్చేసి, బుడ్డోడిని మందలో ఉంచుకున్నాడు. వాడి ఆడదూడలు ఈనాక పాలు ఎలా ఇస్తాయో చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. అప్పటిదాకా నాకు సందేహమే.

ఇప్పుడు ఎవరు కోడెను చూడమన్నా టేపు తీయకముందే, ఇంట్లో పాలు పితికేది ఎవరో వాళ్లను పిలవమంటాను. నా పుస్తకంలో ఛాతీ కొలతకు పైన ఒక గడి గీసుకున్నాను, ఎవరి పాలు తాగింది అని. చాలా ఇళ్లలో మగవాళ్లు ఒక జవాబు చెబుతారు, ఆడవాళ్లు ఇంకో జవాబు చెబుతారు. నేను రెండోదే రాసుకుంటాను.

మొన్న గాలికుంటు వ్యాధి టీకాలకు వాళ్లింటికి వెళ్లినప్పుడు బుడ్డోడిని ఒకసారి తడిమి చూశాను. ఎడమ పక్క నిండుగా ఉంది. కుడి పక్క చింతగింజంత గట్టి ముద్ద ఒకటి తగిలింది. వాడు తల తిప్పి నా మోచెయ్యి నాకాడు. ఆ మొదటి రోజు సుబ్బమ్మ నోరు తెరిచినప్పుడు నేను రెండు నిమిషాలు ఊరుకుని విని ఉంటే, నా చేతికి రెండు పక్కలూ సమానంగా తగిలేవి.