దేవకన్యలు ఉంటరని చెప్పినందుకు

పోయిన చలికాలం ఒక శనివారం మధ్యాహ్నం మా బడిలో పిల్లలకు సినిమా వేశాం. టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడి అది. నేను మూడో తరగతి టీచర్ని. బడి వెనక ఒక గదిలో ఒక్కదాన్నే ఉంటాను.

భోజనాల హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద ప్రొజెక్టర్ వేశాం. తెలుగులోకి డబ్ చేసిన విదేశీ సినిమా. అందులో తల్లి చనిపోయిన ఒక పిల్ల రోజూ తోట చివర చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. నమ్మని పెద్దవాళ్లకు కనబడని దేవకన్యలు ఆ పిల్లకు కనబడతారు. చివర్లో వాళ్లు ఒక్క పూట కోసం తల్లిని తీసుకొచ్చి ఆమె పక్కన కూర్చోబెడతారు. పెద్ద తరగతుల పిల్లలు ఆ రెక్కలన్నీ గ్రాఫిక్సే అని నవ్వారు. చిన్నవాళ్లు సగంలోనే ఆటల్లో పడ్డారు.

మా తరగతి పిల్ల ఒకతి మాత్రం వెనక గోడకు ఆనుకుని చివరిదాకా చూసింది. వాళ్లది బడి పక్కన పారే వాగుకు అవతలి పల్లె. అంతకు ముందు వానల్లో వాళ్లమ్మకు జ్వరం వచ్చింది. వాగు పొంగి ఉండడంతో దవాఖానాకు చేరేసరికే ఆలస్యమైపోయింది. తర్వాత తండ్రి ఈ పిల్లను తెచ్చి మా దగ్గర చేర్చాడు. మా వంటామెది కూడా ఆ వైపే కాబట్టి ఆమెతో కోయ భాషలో నాలుగు మాటలు మాట్లాడేది. నేనేం అడిగినా తల ఊపడమే.

ఆ సాయంత్రం తీగ మీద బట్టలు తీస్తుంటే ఆ పిల్ల వచ్చి కాసేపు నిలబడింది. తర్వాత, “టీచర్, వాళ్లు నిజంగ ఉంటరా?” అని అడిగింది.

చేరిన తర్వాత తనంతట తాను నాతో మాట్లాడడం అదే మొదలు. లేరని చెప్తే అక్కడితో వెళ్లిపోతుందనిపించింది. నా పెళ్లి నాలుగేళ్లకే ముగిసింది. మాది తిరుమలాయపాలెం దగ్గర ఊరు. వెళ్తే మళ్లీ అదే ముచ్చట తీస్తారని సెలవులకూ వెళ్లడం మానేశాను. బడి విడిచాక నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని కాదు. ఆ పిల్ల ఇంకాసేపు అక్కడ నిలబడితే బాగుండు అనుకున్నాను, అంతే.

“ఉంటరు. నమ్మినోళ్లకు ఉంటరు” అన్నాను.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ వారమంతా సాయంత్రాలు నా గది మెట్ల మీదే. ఎక్కడ ఉంటరని అడిగితే పెద్ద చెట్ల కింద అన్నాను. ఎప్పుడొస్తరంటే, ఒక్కరే ఉంటేనే వస్తారని, మాట్లాడకుండా కూర్చోవాలని సినిమాలో చూసింది కొంత, నోటికొచ్చింది కొంత చెప్పాను. నా పళ్లెంలోది పెడితే తినేది. తల కూడా దువ్వనిచ్చింది. ఆ వారం రోజులు నేను సాయంత్రం కోసం ఎదురుచూశాను. ఆ పిల్ల దేనికోసం ఎదురుచూస్తోందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్క చూస్తే ఒకరు తక్కువయ్యారు, ఆ పిల్లే. గదులు, బాత్రూములు, బావి దగ్గర అంతా వెతికాం.  హెడ్‌మిస్ట్రెస్ వాచ్‌మన్‌ను రోడ్డు వైపు పంపి, పిల్ల తండ్రికి ఫోన్ చేయించింది.  పెద్ద చెట్లెక్కడున్నాయని వంటామెను అడిగాను. ఆమె ఎందుకని అడగకుండా, చేతులు కొంగుకు తుడుచుకుని వాగు వైపు నడిచింది. వాగులో నీళ్లు మడమల దాకే ఉన్నాయి.

అవతల ఒడ్డు ఎక్కాక కొంత దూరంలో ఇప్పచెట్టు కింద కూర్చుని ఉంది. బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి. ఒళ్లో పొద్దున టిఫిన్‌లో ఇచ్చిన ఉడికిన గుడ్డు. మమ్మల్ని చూసి భయపడలేదు, ముఖం చిన్నబుచ్చుకుంది.

“మీరెందుకొచ్చిన్రు టీచర్? ఎవరన్న ఉంటే రారన్నరు కద.”

“నువ్వు తప్పిపోయినవని...”

“నేనెక్కడ తప్పిపోయిన? ఇది మా ఊరి తోవే” అంది. తర్వాత గుడ్డు చూపించి వంటామెతో కోయలో ఏదో చెప్పింది.  వంటామె ఆ గుడ్డు వంక చూస్తూ, “వాళ్లమ్మ కోసమట, మేడం” అంది.

నేను ఆ పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. ఇంకో అబద్ధం చెప్పడానికి కూడా అవకాశం ఉంది. ఈ రోజు కాదు, ఇంకో రోజు వస్తరంటే సరిపోయేది. వంటామె నన్నే చూస్తోంది.

“వాళ్లు లేరు బిడ్డా. అది ఉత్త సినిమా. నేను అబద్ధం చెప్పిన” అన్నాను.

“అమ్మ?”

“అమ్మ రాదు.”

నా ముఖం వంక చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకుని చేయి చాపాను. ఆ చేయి పట్టుకోలేదు. లేచి గౌను దులుపుకుని, గుడ్డు వంటామె చేతిలో పెట్టి, మా కంటే ముందు బడి వైపు నడిచింది. వాగు దాటేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు.

జరిగిందంతా హెడ్‌మిస్ట్రెస్‌కు నేనే చెప్పాను. ఆమె చాలా కోప్పడింది, కోప్పడడం న్యాయమే. పొద్దు వాలకముందే తండ్రి వచ్చాడు. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. వెళ్లబోతుంటే ఎదురెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ నేల వైపు చూశాడు.

“నేను గూడ అదే చెప్తున్న మేడం. అమ్మ ఎప్పుడొస్తదంటే, వస్తది వస్తది అనుకుంట తోలుకొచ్చిన ఇక్కడికి. నిజం చెప్పనీకి నాకు నోరు రాలే. మీరు చెప్పిన్రు.”

అది నన్ను మెచ్చుకోవడమో తప్పు పట్టడమో తెలియలేదు. ఇద్దరం గేటు దాకా నడిచాం. ఆటో వచ్చాక ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల మళ్లీ నా మెట్ల మీదకు రాలేదు. వారం పది రోజులు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చిందని, పక్క మంచం పిల్ల తన పక్కనే పడుకోబెట్టుకుందని వంటామె చెప్పింది. సంక్రాంతి సెలవుల తర్వాత ఇద్దరూ ఒకే జడపిన్నుల డబ్బా వాడుకోవడం చూశాను. తరగతిలో అడిగితే జవాబు చెప్తుంది, లెక్కలు బాగా చేస్తుంది. ఇప్పుడు నాలుగో తరగతికి వెళ్లింది. వరండాలో ఎదురైతే మిగతా పిల్లలతో పాటు “నమస్తే టీచర్” అని దాటి వెళ్తుంది.