బాతుల మంద మీద పెళ్ళిళ్ళ డ్రోను

ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ ఏదైనా ఉంటే, అది నాకెవరూ సరిగ్గా చెప్పకపోవడం వల్లేనని గట్టిగా నమ్మేదాన్ని. బందరులో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, వేసవి సెలవుల్లో మాలాంటి పిల్లలు పరిశోధన చేసే అవకాశం ఒకటి వచ్చింది. సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రమట. అంటే, పెద్ద దిక్కు లేని గుంపులు కూడా కలిసికట్టుగా ఎలా కదులుతాయో కనిపెట్టడం (మా అమ్మ "మన చుట్టాల గురించా?" అని అడిగింది). హైదరాబాదు నుంచి ఫోన్లో పాఠం చెప్పే మేడం గారు, మీ చుట్టుపక్కలే ఏదో ఒక గుంపును ఎంచుకోమన్నారు. బాగా చేసినవాళ్ళని సెలవుల తర్వాత కూడా తనతో ఉంచుకుంటారట. ఆ చోటు నాకు కావాలి, అన్నం సయించనంతగా కావాలి.

నందివాడ దగ్గర కోతలయిన చేలల్లో మేసే బాతుల మందను ఎంచుకున్నాను. పైనుంచి చూస్తే గానీ మంద ఎటు మళ్ళేదీ తెలియదని, గుడివాడలో పెళ్ళి వీడియోలు తీసే మా పెద్దమ్మ గారి అబ్బాయిని బతిమాలి, డ్రోనుతో సహా తీసుకెళ్ళాను. అన్నయ్య దాన్ని లేపాడో లేదో, గద్ద అనుకున్నాయి కాబోలు, బాతులన్నీ కాలవలో పడి, అవతలి గట్టున మేస్తున్న ఇంకో మందలో కలిసిపోయాయి. కాపరులిద్దరూ ముందు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని, ఆనక కలిసి మమ్మల్ని తిట్టారు (పెద్ద దిక్కు లేకుండా కలిసికట్టుగా కదలడమంటే ఏమిటో అప్పుడు కొంత బోధపడింది). విడదీద్దామని మేం బురదలో పరిగెత్తిన కొద్దీ అవి ఇంకా కలిసిపోయాయి. చివరికి ఒళ్ళు హూనమై ఇద్దరం గట్టు మీద కూలబడ్డాం. కాసేపటికి కాపరులు చెరో గట్టున నిలబడి పిలిస్తే, ఎవరి బాతులు వాళ్ళ వైపు మెల్లగా మళ్ళాయి.

వీడియో అంతా చూసి మేడం గారు ఫోన్ చేశారు.

"ఇది బాతులు నడిచే తీరు కాదమ్మా, మీకు భయపడిన తీరు," అన్నారు. నా చోటు పోయిందనే అనుకున్నాను. "మరి ఎప్పుడు కుదుటపడ్డాయి?" అని అడిగారు మళ్ళీ.

వీడియోలో అది లేదు. అప్పటికే బ్యాటరీ అయిపోయింది. గుర్తు చేసుకుని, "మేం అలిసిపోయి కూర్చున్నాకండీ," అన్నాను.

"అయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

అలా నా చోటు నిలిచింది. ఆ ఏడాది సెలవు దొరికినప్పుడల్లా గట్టు మీద ఊరికే కూర్చున్నాను. గొప్పగా తేలిందేమీ లేదు గానీ, చూడడం కొంచెం వచ్చింది. ఇప్పుడు నేనూ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వారంలో అంతా తేల్చేస్తానంటూ ఏ అమ్మాయైనా వస్తే, తొందరపడకమ్మా అనబోయి ఆగిపోతాను. నాలో ఆ తొందర ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. అప్పుడప్పుడు, కొంచెమైనా మిగిలి ఉంటే బాగుండేదనిపిస్తుంది.