పంజరం వద్దన్న రోజు

ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే వద్దనడం నాకు చేతనయ్యేది కాదు. దాన్ని మంచితనం అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూసుకుంటే అది వట్టి పిరికితనం, పైగా బరువంతా పక్కవాళ్ల నెత్తిన పెట్టే పిరికితనం. ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒక్కరినీ అడగకుండా, అందరూ ఒప్పుకున్నారని ఒక పెద్దావిడకు అబద్ధం చెప్పి, ఆవిడ పెంచుకున్న కాకతువ్వను మా ఇంటికి తెచ్చాను. తెచ్చేటప్పుడు పంజరం మాత్రం వద్దన్నాను. మొదటిది పాపం, రెండోది తెలివితక్కువతనం. మా వాడకట్టులో చాలాకాలం చెప్పుకున్నది రెండోదాని గురించే.

పోలీసు యాక్షన్ అయిపోయి, జనం రాత్రిళ్లు నిద్రపోవడం మళ్లీ అలవాటు చేసుకుంటున్న కాలం. మాది సూర్యాపేట. ఊరి చివర ఇల్లు, ఇంటికంటే పెద్దది పశువుల కొట్టం. మా నాయిన గొర్రెలు కాసేవాడు, గేదెలనూ ఎడ్లనూ పెంచేవాడు. ఎద్దును చూసి దాని గుణం చెప్పడంలో ఆయనకు పేరు. హాలియా, నిడమనూరు నుంచి కూడా వచ్చి, బేరం కుదుర్చుకునే ముందు ఆయన్ని తీసుకుపోయేవాళ్లు. ఆ ఇంట్లో చదువుకుని నౌకరీకి పోయిన మొదటివాణ్ణి నేను. మిర్యాలగూడలో చర్చివాళ్ల బడిలో కొత్తగా పంతులుగా చేరాను. అక్కడి పెద్ద టీచరమ్మది కృష్ణా జిల్లా, ఒంటరి మనిషి. దవాఖానలో పనిచేసిన ఒక దొరసాని తన దేశం పోతూ ఆవిడకు ఒక తెల్ల కాకతువ్వను ఇచ్చిపోయిందట. పేరు దొరబాబు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా నెత్తిమీది పసుపుపచ్చ జుట్టును విసనకర్రలా విప్పేది. ఏది కోపమో ఏది సంతోషమో మనకు తెలిసేసరికి మన వేలు దాని ముక్కులో ఉండేది.

టీచరమ్మకు ఉద్యోగ విరమణ అయింది. బెజవాడలో తమ్ముడింటికి పోయి ఉండాలి. "మా మరదలు నన్ను రమ్మంది నాయనా, దీన్ని రమ్మనలేదు" అంది నాతో. దానికో ఇల్లు చూడాలని ఆవిడ బడిలో అందరినీ అడుగుతోంది, అందరూ తెలివిగా తప్పుకుంటున్నారు. నేను తప్పుకోలేదు. "మేం సాదుకుంటం టీచరమ్మా" అన్నాను. "మీ ఇంట్లో అడిగావా?" అంది. "అడిగిన. అందరు ఒప్పుకున్నరు." ఆవిడ నా వైపు కాసేపు చూసి, "సరే. నేను కోదాడలో మా చెల్లెలి వరసావిడ ఇంట్లో కొద్దిరోజులుండి, శనివారం పొద్దుటి బస్సుకు బెజవాడ పోతాను. ఈలోగా ఏ తేడా వచ్చినా వచ్చి చెప్పు, ఇంకో ఇల్లు చూసుకుంటాను. బస్సెక్కాక ఇక నేను చేయగలిగిందేమీ ఉండదు" అంది.

తర్వాత పంజరం తుడిచి నా ముందు పెట్టింది. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. పశువు చేయి మారితే దాని పలుపుతాడు వెంట రాదు. ఇచ్చినవాళ్లు తమ తాడు విప్పుకుంటారు, తీసుకున్నవాళ్లు తమ తాడు కట్టుకుని తోలుకుపోతారు. తాడు కూడా ఇచ్చేస్తే ఇచ్చినవాళ్ల కొట్టం ఖాళీ అయిపోతుందని నమ్మకం. పంజరం పలుపు కిందికి వస్తుందా రాదా అన్న ప్రశ్న అంతకుముందు మా వంశంలో ఎవరికీ ఎదురుకాలేదు. నేనే తీర్పు చెప్పాను. వస్తుంది.

"పంజరం ఇయ్యద్దు టీచరమ్మా. మీకు అచ్చిరాదు."

"పక్షి లేని పంజరం నేనేం చేసుకోను?"

"మీ దగ్గర్నే ఉండాలె. కోదాడకు తీస్కపోండ్రి."

ఆవిడ వాదించలేదు. నేను దొరబాబును కోళ్లగంపలో పెట్టి, పైన గొంగడి కప్పి, బడి సెలవులకు బొగ్గుతో నడిచే బస్సులో సూర్యాపేటకు బయలుదేరాను. "ఏమున్నది పంతులూ గంపల?" అని పక్కనున్న ముసలాయన అడిగాడు. కోడి అన్నాను. అదే సమయానికి గంపలోంచి ఒక కేక వచ్చింది. డ్రైవరు బస్సు ఆపి, దిగి, చక్రాలన్నీ చూసి వచ్చాడు. ముసలాయన మాత్రం నాతో, "జర దవాఖానల సూపియ్యి" అన్నాడు.

ఇంట్లో అందరూ గంప చుట్టూ చేరారు. గొంగడి తీయగానే దొరబాబు జుట్టు విప్పింది. మా అవ్వ వెంటనే చేతులు జోడించి, "శివమొచ్చింది దీనికి" అంది. నాయిన దాన్ని, ఎద్దును చూసినట్టే, ముందు దూరం నుంచి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగి కాళ్లు, తోక చూశాడు. సుడుల కోసం వెతికి, నెత్తిమీది జుట్టు దగ్గర చాలాసేపు ఆగాడు. చివరకు దవడ పట్టి దాని నోరు తెరిచి చూశాడు. (ఆయన్ని అది కరవలేదు. నన్ను అప్పటికే కరిచింది.)

"పండ్లు లేవు. అయితే పాలు మరువని లేగన్న గావాలె, లేకుంటే పండ్లూడిన ముసల్దన్న గావాలె. ఎన్నేండ్లదిరా?"

"ఇరవై దాటినయట నాయినా. ఇంకో నలభై ఏండ్లు బతుకుతదట."

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అంటే నేను పోత, మీ అమ్మ పోతది, గిది ఉంటది. గొడ్డును తెస్తే మనం సాదుతం. గిది మనలను సాగనంపేటట్టున్నది."

"పాలియ్యది, ఉన్ని గొరగరాదు. దీని పనేంది?" అంది అమ్మ.

"సూడనీకి బాగుంటది."

"ఊకె సూడనీకి ఇంట్ల నువ్వున్నవ్ గద. ఏం తింటది?"

ఏం తింటుందో నాకు తెలియదు. నేను అడగలేదు. అమ్మ ఇన్ని జొన్నలు పోసింది. దొర అన్న పేరును వాకిట్లో నిలబడి పిలవడం, దొరల మీద జనం కోపం ఇంకా చల్లారని ఆ రోజుల్లో, మా వైపు అంత మంచిది కాదు గనక, తెల్లది అని పిలవడం మొదలుపెట్టింది. కొత్త గొడ్డును కొద్దిరోజులు కట్టి చూసి, నచ్చితే ఉంచుకోవడం మా పద్ధతి. "శుక్రారం దాక కట్టి సూద్దాం" అన్నాడు నాయిన. పంజరం లేదు గనక కట్టడమంటే నిజంగా కట్టడమే. గొర్రెపిల్ల తాడు కాలికి వేసి, కొట్టంలో గేదెల పక్క గుంజకు కట్టాం.

గురువారం మధ్యాహ్నం నాయిన గొర్ల వెంట పోయాడు, అమ్మ అంగడికి పోయింది. పక్షిని కనిపెట్టుకుని ఉండే పని నాది. నేను అరుగుమీద పడి నిద్రపోయాను. దొరబాబు ముందు తన తాడు కొరుక్కుంది. తర్వాత పశువులకు మేత వేసే గాడి అంచు పట్టుకుని నడుస్తూ గేదెల తాళ్లు, ఎడ్ల తాళ్లు వరసగా కొరికింది. ఒక్కదాన్నీ సగంలో వదల్లేదు. టీచరమ్మ పెంపకం. పశువులు పక్కవాళ్ల జొన్నచేలోకి పోయాయి, పక్కవాళ్లు వాటిని బందెలదొడ్డికి తోలారు.

పంటలో పడిన పశువులను కట్టేసే ఆ దొడ్డి ముందు నాయిన నిలబడటం అదే మొదటిసారి. నేను వెనక ఉన్నాను. కావలివాడు పోయిన ఏడు ఎద్దును కొన్నది నాయిన మాట మీదనే. "పెద్దయ్యా, నువ్వేంది గీడ?" అన్నాడు.

"తాళ్లు తెగినయి."

"అన్నీనా?"

"అన్ని."

"ఒక్కసారేనా?"

నాయిన తల తిప్పుకున్నాడు. "పాతయి. పేనుడు మంచిగ లేదు."

ఆ తాళ్లు ఆయన పేనినవే. వర్షాకాలమంతా కూర్చుని పేనుతాడు. ఎవరైనా గట్టిగా లాగి చూస్తే సంతోషపడతాడు. నా మూలంగా తన చేతిపనిని తనే తక్కువ చేసి చెప్పుకున్నాడు. నా అబద్ధం బరువు ఎంతో నాకు అప్పుడు తెలిసింది.

జుర్మానా కట్టి పశువులను తోలుకుని ఇంటికి వచ్చేసరికి దొరబాబు ఖాళీ గాడి మీద కూర్చుని ఉంది. "ఖతం, ఇగ పంపియ్యి దాన్ని" అంది అమ్మ. నేను నాయిన ముందు కూర్చుని, టీచరమ్మతో ఏమన్నానో చెప్పాను.

"మమ్ములను అడగకుండనే ఒప్పుకున్నమని చెప్పినవా?"

"అవ్."

"పిట్ట తాళ్లు కొరికిందంటే దానికి తెల్వక. నీకేమైంది?"

ఆయన తెగిన తాళ్ల కొసలన్నీ ఒకచోట చేర్చి, పక్షి వంక చూశాడు. "తాడు తెంపుకున్న గొడ్డు ఒక్కటన్న కొట్టంల నిలవడలే. గిది అందరి తాళ్లు కొరికి, తను మాత్రం యాడికి పోలే. గిసొంటి గొడ్డును నేను ఇంతవరకు సూడలే. ఉంచుదాం" అన్నాడు. ఎద్దుల మీద ఆయన తీర్పు చెప్పాక ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, అమ్మ కూడా మాట్లాడలేదు. (దాని రెక్కలు కత్తిరించి ఉన్నాయని నాకు తెలుసు. చెప్పలేదు. అది ఆ వారంలో నా మరో తప్పు, కాని దానికి మాత్రం ఎప్పుడూ పశ్చాత్తాపపడలేదు.)

"కోదాడకు పోయి ఆమెకు నిజం చెప్పు. గప్పుడు గూడ పిట్టను ఇస్తనంటే పంజరం పట్టుకరా. ఊకెనే తేకు. ఆమె కొట్టం ఖాళీ గాకుండ మన పలుపు ఒకటి ఆమెకిచ్చిరా" అన్నాడు నాయిన.

శనివారం పొద్దున కోదాడలో టీచరమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ పంజరం. నేను తలవంచుకుని అంతా చెప్పాను.

"నాకు తెలుసు నాయనా" అంది.

"ఎట్ల తెలుసు?"

"ఇల్లంతా ఒప్పుకుందన్నావు. నిజంగా అడిగి ఉంటే, అదేం తింటుందని ఎవరో ఒకరు నిన్ను అడిగేవారు, నువ్వు నన్ను అడిగేవాడివి."

"మరెందుకిచ్చిన్రు?"

"వచ్చి చెప్తావేమో చూద్దామని. రాకపోతే ఈ బస్సు వదిలేసి నేనే సూర్యాపేట బస్సెక్కేదాన్ని. లేకపోతే ఈ పంజరం ఎందుకు మోసుకు తిరుగుతాను?" అంది. "ఇప్పుడైనా అడుగు."

అడిగాను. జామకాయ, వేరుశనగ, నానబెట్టిన సెనగలు. నూనె తగిలినవి పెట్టకూడదు. కొరుక్కోవడానికి ఒక కట్టె ముక్క ఎప్పుడూ ఉండాలి. ఉరుము వస్తే పక్కన మనిషి కూర్చోవాలి. బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది. మా పలుపుతో ఆవిడ పరుపుచుట్ట బిగించి కట్టాను.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం సెలవుల్లో దొరబాబును బెజవాడ తీసుకుపోయి ఆవిడకు చూపించి తెచ్చేవాణ్ణి. మరదలు మమ్మల్ని వరండా దాటనిచ్చేది కాదు. దొరబాబు అక్కడున్న పలుపును కొరికేసేది గనక, పోయినప్పుడల్లా నాయిన కొత్తది పేని ఇచ్చేవాడు. ఈలోగా దానికి రెక్కలు పెరిగాయి. పోలేదు. టీచరమ్మ ఉన్నన్నాళ్లూ అలా తిరిగాను. ఒళ్లో పంజరం, భుజాన పలుపు పెట్టుకుని బస్సులో కూర్చున్న ఆ కుర్ర పంతులు ఇప్పుడు తలపుకు వస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. పంజరం మీద గొంగడి కప్పి ఉండేది. "ఏమున్నది సారూ అందుల?" అని ఎవరో ఒకరు అడిగేవారు. కాకతువ్వ అనే చెప్పేవాణ్ణి.