గేటు దగ్గరే ఆగిన తోడికోడలు

కిందటి మాఘమాసంలో, బుధవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, నేను నా తోడికోడలి మనసును పుస్తకం చదివినట్టు చదివేశాను. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అక్షరాలతో పాటు గడియారం చూడటం కూడా నేర్చుకున్నాను. అప్పటి నుంచి ప్రతిదానికీ టైము చూసే జబ్బు పట్టుకుంది.

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. పక్కింటి రిటైరైన టీచరమ్మ దిద్దించింది. బస్సు బోర్డు చదవగలిగితే చాలనుకున్నదాన్ని, నవలల్లో పడ్డాను. "నవలలు చదివితే ఎదుటివాళ్ళ మనసు అర్థమవుతుంది వదినా" అంటూ ఆవిడే నరసరావుపేట లైబ్రరీ నుంచి తెచ్చిచ్చేది. నమ్మాను. అయిదేళ్ళలో ఊళ్ళోవాళ్ళ మనసులన్నీ నాకు కొట్టిన పిండి అయ్యాయి. పాలు పోసే మనిషి నవ్వితే నీళ్ళు కలిపాడని, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడని కనిపెట్టేదాన్ని. మా ఆయన మనసు మాత్రం చదవలేదు. అందులో మిరప రేటు తప్ప ఏమీ లేదని పెళ్ళైన నాడే తెలుసు.

ఆ బుధవారం వసారాలో కూర్చుని మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను. గేటు చప్పుడైంది. నా తోడికోడలి కోడలు కుంకుమ భరిణె పట్టుకుని లోపలికి వచ్చింది. తన కూతురికి ఓణీల ఫంక్షన్. ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం మా వైపు మర్యాద. పెద్దదాన్ని గనక మొదటి పిలుపు నాకే. తోడికోడలు మాత్రం గేటు బయటే ఆగిపోయింది. చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, వీధి వైపు తిరిగి నిలబడింది.

చదివేశాను. కొత్త డాబా కట్టిన గర్వం! నా గడప తొక్కడానికి నామోషీ! ఇలాంటి ఆడవాళ్ళు నాకు కనీసం మూడు నవలల్లో తగిలారు. అందరూ చివర్లో బుద్ధి తెచ్చుకున్నారు. దీనికి మొదట్లోనే తెప్పిద్దామని, ఆ పిల్ల కుంకుమ వేలు చాచగానే మొహం పక్కకు తిప్పుకున్నాను.

"మీ అత్తకి కాళ్ళు లేవా ఏంది? ఆమె వచ్చి పిలిస్తే వస్తా. లేకపోతే మీ ఫంక్షన్ మీరే చేసుకోండి."

బొట్టు కాదంటే ఆ ఇంటితో రాకపోకలు తెగినట్టే. పిల్ల మొహం పాలిపోయింది. భరిణె మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

వసారాలోనే మంచం మీద కూర్చుని మిరప యార్డు రేట్ల వీడియో చూస్తున్న మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తాడు.

"ఏమే, మా తమ్ముడు పోయి ఏడాదైందని నీ పుస్తకాల్లో రాయలేదా?"

"నాకు తెలవదా ఏంది?"

"మరి మన మనవడి అన్నప్రాశన నాడు ఆమె చేతిలో హారతి పళ్ళెం లాక్కుంది ఎవరు? శుభమా అని చేసుకుంటుంటే నువ్వేందే, పక్కన కూర్చో అన్నది ఎవరు? మళ్ళీ ఆ మాట పడలేక గేటు కాడ ఆగింది. అక్షరమ్ముక్క రాని నాకే తెలిసిందే!"

అన్నది నేనే. ఆ వారమే ఒక నవల్లో, భర్త పోయిన అమ్మాయిని పెళ్ళి పందిట్లో మూలన కూర్చోబెడితే, టీచరమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేంతగా ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి, హారతి పళ్ళెం లాక్కున్నాను. కాగితం మీది ఆడదానికి అంత జాలి పోశాక ఇంట్లోదానికి మిగల్లేదు కాబోలు.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. వాళ్ళు టీచరమ్మ వాకిట్లో దొరికారు. పిల్ల చేతిలోంచి భరిణె తీసి తోడికోడలి చేతిలో పెట్టాను.

"నువ్వే పెట్టు."

"వద్దక్కా. నేను పెట్టకూడదు. జనం ఏమనుకుంటారో."

"జనం మనసు నాకు తెలవదు. నీదే తెలవలా. పెట్టవే, మెడ నొప్పెడతంది."

"నీకు పిచ్చి పట్టింది. ఆ పుస్తకాలు చదివే."

"అవును, చానా చదివా. పెట్టు."

పెట్టింది. బొట్టు కనుబొమ్మ మీదకు జారింది. మిరపకాయలు ఏరిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇక నేను దేనికి ఏడుస్తున్నానో చదవడం ఎవరి తరమూ కాలేదు.

"చూశారా, నవలల మహిమ!" అంది టీచరమ్మ. మా గేటు దాకా వచ్చి చూస్తున్న మా ఆయన మళ్ళీ ఫోన్లోకి తల దించాడు.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, నా తోడికోడలు, ఆమె కోడలు, టీచరమ్మ, మా గేటు దగ్గర ఫోనుతో, అక్షరమ్ముక్క రాకుండానే ఆమె మనసు చదివిన మా ఆయన. నవల్లో నన్ను అంతగా ఏడిపించిన ఆ అమ్మాయి మాత్రం లేదు.