సుగుణను వెంటబెట్టుకుని తొండియార్‌పేటకు

మా పిండి రుబ్బే గ్రైండర్ల కంపెనీ డిజైను గదిలో గోడకు ఒకావిడ బొమ్మ అంటించి ఉండేది. పేరు సుగుణ, బ్యాంకు ఉద్యోగం, మొగుడు, ఒక పిల్ల. పత్రికలోంచి కత్తిరించిన బొమ్మకు ఇవన్నీ మేం కల్పించినవే. ఎవరి కోసం తయారు చేస్తున్నామో కళ్లముందు ఉండాలని మా మేనేజరు పట్టుదల. తొంభైల చివర్లో ఒకరోజు ఆయన, "మద్రాసులో ఆర్డరు తెస్తేనే ఈ గ్రైండరు బతుకుతుంది, నీ ఉద్యోగమూ బతుకుతుంది" అని నన్ను హైదరాబాదులో రైలెక్కించాడు.

పొద్దున్నే సెంట్రల్లో దిగి, గ్రైండరు ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. తొండియార్‌పేటకు నలభై రూపాయలు, అరగంట ప్రయాణం. టోకు వ్యాపారి చెంగయ్యగారిది కింద కొట్టు, మేడ మీద ఇల్లు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆయనకు కోరమీసం, వేళ్లనిండా ఉంగరాలు. ఆయన దగ్గితే గుమస్తాలు లేచి నిలబడుతున్నారు. "మా అమ్మ సరే అంటే కొంటా" అని నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు.

"ఎవురి కోసం చేసినారు అబ్బయా?" అంది ఆయన తల్లి, ఆ పెద్దమ్మ, ఇడ్లీలు వడ్డిస్తూ.

"సుగుణ కోసమండీ" అని వాగేశాను.

"ఎవురింటి బిడ్డ? అత్త ఉందా?"

"లేదండీ."

"ఐయో పాపం! ఆమె బయట కూర్చునే మూడు దినాలూ పిండి ఎవురు రుబ్బతారు?"

ఏడాదిగా సుగుణ గురించే మాట్లాడుకుంటున్నాం, ఈ సంగతి ఒక్కడికీ తట్టలేదు. "వాళ్లాయనేమో" అని నసిగాను.

"అట్ట చెప్పు! ఈడ కోడలు కూర్చుంటే మావోడే రుబ్బేది. నాకు నడుం వంగదు. రేయ్ చెంగా, పిండి తీసే మాదిరి చెయ్యి పెట్టి చూడరా."

చెంగయ్యగారి మొహం కందిపోయింది. అమ్మ మాట కాదనలేక రాయికీ గిన్నెకీ మధ్య చెయ్యి దూర్చారు. మా ఆఫీసు టైపిస్టమ్మాయి చేతిని చూసి కొలిచిన సందు అది. చెయ్యి దూరింది గానీ బయటికి రాలేదు. నేను గిన్నె పట్టుకుని లాగుతున్నాను, ఆయన అరుస్తున్నారు, పెద్దమ్మ నువ్వుల నూనె పోస్తోంది. ఇక నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

చెయ్యి ఊడొచ్చాక, సుగుణ ఒట్టి గోడబొమ్మ అని చెప్పేశాను. పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. చెంగయ్యగారు మెట్ల వైపు ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించారు. "సందు పెద్దది చేసుకోని రా, యాభై తీసుకుంటా. ఆ గోడకి నా మాదిరోణ్ణి కూడా ఒకణ్ణి అంటించు. పేరు మాత్రం వద్దు సామీ, బజార్లో మానం పోతాది."

ఇలా వాడేవాళ్లను ముందే కల్పించుకోవడాన్నే ఇప్పుడు యూజర్ పర్సోనా అంటున్నారు. లేని మనిషితో ఏం లాభమని వెక్కిరించేవాళ్లూ ఉన్నారు. మనిషికి ఒక పేరంటూ ఉంటేనే కదా, అత్త ఉందా అని ఎవరైనా అడిగేది! ఉత్త గ్రైండరు చూపిస్తే పెద్దమ్మ ధర అడిగి ఊరుకునేది. ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్లేవాళ్లు, లారీలు వీధికి అడ్డం పడక ముందే పొద్దున్నే చేరుకోండి. అడగాల్సింది మేడ మీద వంటింట్లోనే అడగండి. కింద కొట్లో పిండి రుబ్బే మగాడు ఒక్కడూ దొరకడు.